హంతకుడెవరో తెలిసినా... మళ్లీ చదువుతాం!

అట్ట మీద తుపాకి, లోపల చవక కాగితం. దిండు కింద దాచుకుని, బాపు చూడకుండా చదివిన డిటెక్టివ్ నవలలవి. సాహిత్యం లెక్కలోకి రాలేదు, అలమరలోకీ ఎక్కలేదు. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఎందరికో పుస్తకం పట్టుకునే అలవాటు చేసింది అవే. ఇంతకీ ఒకే డిటెక్టివ్ కథలు వరుసపెట్టి చదవడంలో ఉన్న ఆ మజా ఏమిటి? ఆ పుస్తకాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి?

అద్దె పుస్తకాల దుకాణం నుంచి నవల ఇంటికొస్తుంది. ఆత్రంగా అట్ట తిప్పుతారు. మొదటి పేజీలోనే, నవల పేరు కింద ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో రాసిపెట్టి ఉంటాడు... 'హంతకుడు వంటవాడే' అని! ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకో రకం మహానుభావులూ ఉండేవాళ్లు. కథంతా వదిలేసి సరిగ్గా చివరి రెండు పేజీలే చింపుకుపోయేవాళ్లు. డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, 'మీలో ఒకరు...' అనేసరికి పుస్తకం అయిపోయేది.

చిత్రమేమిటంటే, పెన్సిలు రాత చూసినవాళ్లు పుస్తకాన్ని వెనక్కి ఇవ్వలేదు. చదివారు. చివరి పేజీలు పోయాయని తెలిసినవాళ్లూ చదివారు. ఒకసారి చదివి ముగింపు కంఠతా వచ్చినవాళ్లు రెండోసారి, మూడోసారి కూడా చదివారు. మిస్టరీ నవల అంటే హంతకుడెవరో తెలుసుకోవడమే అయితే, తెలిసిపోయాక ఇక చదవడం దేనికి?

మనం చదివేది హంతకుడి కోసం కాదు. డిటెక్టివ్ కోసం!

హత్య ఒక సాకు

విడి నవల చుట్టం లాంటిది. వస్తుంది, రెండు రోజులుంటుంది, వెళ్లిపోతుంది. సిరీస్ అలా కాదు, పక్కింటి స్నేహం. డిటెక్టివ్ ఏ కుర్చీలో కూర్చుంటాడో, అసిస్టెంట్ ఎప్పుడు తొందరపడతాడో, ఇన్‌స్పెక్టర్ ఎవరిని అనుమానిస్తాడో మనకు ముందే తెలుసు. తెలిసిన మనుషులు, తెలిసిన ఇల్లు. కొత్తగా వచ్చేది ఒక్క శవమే!

అందుకే హత్యల పుస్తకమైనా అది భయపెట్టదు, ఊరటనిస్తుంది. బయట ప్రపంచంలో దొంగ దొరకడు, కేసు తెమలదు, న్యాయం ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక్కడ మాత్రం రెండు వందల పేజీల్లో అన్నీ తేలిపోతాయి. దీపం ఆర్పి నిద్రపోవచ్చు.

వరుసగా నవలలు రాయడం చవకబారు పనేమీ కాదు. 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన విశ్వనాథ సత్యనారాయణ అంతటివారు 'పురాణవైర గ్రంథమాల' పేరుతో 12 నవలలు వరుసగా రాశారు. ఆయన దారి వేరు, ప్రయోజనం వేరు. పాఠకుడు ఒక లోకంలోకి వెళ్లాక దాన్ని అంత తేలిగ్గా వదిలి రాడన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మద్రాసు నుంచి మన దాకా

తెలుగులో డిటెక్టివ్ అనగానే ఒక తరానికి గుర్తొచ్చే పేరు యుగంధర్. సృష్టించింది కొమ్మూరి సాంబశివరావు (1926-1994). యుగంధర్ మకాం మద్రాసు. పక్కన అసిస్టెంట్ రాజు. కేసు చిక్కుపడగానే తలుపు తట్టే ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. 'లక్షాధికారి హత్య', 'ప్రమీలాదేవి హత్య', 'చీకటికి వేయికళ్ళు'... పేర్లు వింటేనే చెయ్యి ముందుకు చాపాలనిపిస్తుంది. 1960, 70 దశకాల్లో కథేమిటని అడక్కుండానే కొమ్మూరి పేరు చూసి కొన్నవాళ్లెందరో. టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్, విశ్వప్రసాద్ లాంటివాళ్లు కూడా ఈ పాకెట్ నవలల పాఠకులకు బాగా తెలిసిన పేర్లే. కవి ఆరుద్ర సైతం డిటెక్టివ్ నవలల మీద చెయ్యి చేసుకున్నారు.

ఈ పుస్తకాలు తయారయ్యేది మద్రాసులోనో, విజయవాడలోనో. కరీంనగర్ పట్టణానికేమో అప్పటికి రైలు లేదు. పక్కనున్న పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మాత్రం కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే పాత రైలుదారి మీదున్నాయి. మద్రాసు నుంచి ఢిల్లీ వెళ్లే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ దారి కూడా అదే. అక్కడివాళ్లకు స్టేషన్ బుక్‌స్టాల్, మిగతావాళ్లకు బస్టాండు పుస్తకాల కొట్టు, ఆ తర్వాత వీధి చివర అద్దె దుకాణం. కొంత డిపాజిట్ కట్టాలి. రోజు అద్దె పైసల్లోనే. ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె పడుతుంది కాబట్టి చదవడం కూడా పరుగే!

గనుల ఊళ్లలో ఇంకో సౌకర్యం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి లాంటి చోట్ల సింగరేణి పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. ఇంట్లో ఒకరు డ్యూటీకి పోతే ఒకరు పడుకుంటారు. ఒక్కరోజు అద్దెకు తెచ్చిన నవల అలాంటి ఇంట్లో ముగ్గురి చేతులు మారితే వింతేముంది? మొదట చదివినవాళ్లు మిగతా ఇద్దరికీ హంతకుడి పేరు చెప్పకుండా ఉండటమే అసలు పరీక్ష.

మరో తమాషా ఉంది. హైదరాబాద్ ముఖం చూడని కుర్రాడికి మద్రాసు మౌంట్ రోడ్డు, ఎగ్మూరు స్టేషన్ తెలిసినట్టే ఉండేవి. యుగంధర్ కారు వెంబడి అతనూ ఆ వీధులన్నీ తిరిగాడు మరి! కానీ ఆ నవలల్లో వేములవాడ జాతర, ధర్మపురి రేవు, ఖని బొగ్గు బావి కథాస్థలాలుగా కనిపించడం అరుదు. పాత్రలేమో 'వస్తాడు, వెళ్తాడు' అంటాయి. చదివే పిల్లవాడి ఇంట్లో 'వస్తడు, పోతడు'. అయినా ఆ తేడా వాణ్ని ఆపలేదు. పుస్తకాల తెలుగు వాడికి బళ్లోకన్నా ముందు యుగంధర్ దగ్గరే పట్టుబడింది.

ఉర్దూ చదివే ఇంట్లో ఇమ్రాన్

మన ప్రాంతానికి డిటెక్టివ్ ఒక్క తెలుగులోనే రాలేదు. 1948 దాకా నిజాం పాలనలో పైచదువులు ఉర్దూలోనే సాగాయి. ఆ చదువు చదివిన తరానికి ఇంకో తలుపు తెరిచే ఉంది. అదే ఇబ్నె సఫీ.

అలహాబాద్ జిల్లాలో పుట్టిన అస్రార్ అహ్మద్ కలం పేరు ఇబ్నె సఫీ (1928-1980). 1952లో 'జాసూసీ దునియా' మొదలైంది. అందులో గంభీరంగా ఉండే ఫరీదీ, అల్లరివాడు హమీద్. ఆ ఏడాదే ఆయన కరాచీ వెళ్లిపోయినా పుస్తకాలు సరిహద్దుకు రెండువైపులా వచ్చేవి. 1955లో ఇమ్రాన్ వచ్చాడు. పైకి వెర్రిబాగులవాడు, లోపల ఉక్కు. రెండు సిరీస్‌లూ కలిపి ఇబ్నె సఫీ రెండు వందలకు పైగా నవలలు రాశారు.

1960 తర్వాత జబ్బుపడి మూడేళ్లపాటు ఆయన కలం పట్టలేదు. ఆ మూడేళ్లూ అభిమానులు ఎదురుచూశారు. 1963లో ఇమ్రాన్ నవలతోనే తిరిగొచ్చారు. పాఠకుడు డిటెక్టివ్‌కు ఇచ్చే గౌరవం అలాంటిది. ఎన్నాళ్లయినా కుర్చీ ఖాళీగానే ఉంచుతాడు!

అసిస్టెంట్ లేకపోతే కథే లేదు

హోమ్స్‌కు వాట్సన్, యుగంధర్‌కు రాజు, ఫరీదీకి హమీద్. డిటెక్టివ్ అంత తెలివైనవాడైతే పక్కన ఇంకొకరు ఎందుకు? సరదాకు కాదు, గట్టి కారణమే ఉంది.

డిటెక్టివ్ బుర్రలో ఏముందో మనకు తెలిసిపోతే కథ యాభయ్యో పేజీలోనే అయిపోతుంది. తెలియకపోతేనేమో మనం దారితప్పుతాం. అందుకే మధ్యలో ఒక మనిషి కావాలి. మనం అడగాలనుకున్న ప్రశ్న అతను అడుగుతాడు. మనం పడ్డ పొరపాటులోనే అతనూ పడతాడు. మనకన్నా అరంగుళం వెనక ఉంటే ఇంకా మంచిది, మనకు మనం తెలివైనవాళ్లం అనిపిస్తుంది!

ఇన్‌స్పెక్టర్ పని వేరు. అందరికీ కనిపించే దోషిని అతను పట్టుకోవాలి. అప్పుడే 'కాదు, అతను నిర్దోషి' అని చెప్పే అవకాశం డిటెక్టివ్‌కు వస్తుంది. రచయిత పని మరీ కష్టం. అసలు ఆధారాన్ని మన కళ్ల ముందే పెట్టాలి, కానీ మన చూపు దాని మీద నిలవకూడదు. సంతకు పోయే జాబితాలో ఐదో వస్తువులాగా, నాలుగు పనికిరాని వివరాల మధ్య దాన్ని జారవిడుస్తాడు.

దీనికి నియమాలు కూడా ఉన్నాయి. ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే మతబోధకుడు 1929లో పది సూత్రాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, దయ్యాలూ మాయలూ పనికిరావు, డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి... ఇలాగన్నమాట. మొత్తం సారం ఒక్కటే. ఇది పాఠకుడికీ రచయితకూ మధ్య పందెం. ఓడిపోయినా పర్వాలేదు, మోసపోయామని మాత్రం అనిపించకూడదు.

రెండోసారి చదవడంలోని రుచి ఇక్కడే ఉంది. మొదటిసారి మనం డిటెక్టివ్ వెనక నడుస్తాం. రెండోసారి రచయిత చేతులు చూస్తాం. గారడీవాడు నాణెం ఏ జేబులో పెట్టాడో కనిపెట్టినంత సంతోషం!

షాడో దూకాడు

తర్వాతి తరానికి హీరో మారాడు. మధుబాబు సృష్టించిన షాడో వచ్చాడు. ఇతను కుర్చీలో కూర్చుని ఆలోచించే రకం కాదు. సీఐబీ ఏజెంట్, పైన చీఫ్ కులకర్ణి. చుట్టూ బిందు, గంగారాం, శ్రీకర్, ముఖేష్. దేశాలు దాటతాడు, గోడలు దూకుతాడు, దెబ్బలు తింటాడు, తిరిగి కొడతాడు. 'ఎ జర్నీ టు హెల్' లాంటి ఇంగ్లిష్ పేర్లు తెలుగు అక్షరాల్లో అట్ట మీద మెరిసేవి. 'రివెంజ్' అంటే ఏమిటో చాలామంది పిల్లలకు డిక్షనరీకన్నా ముందు చెప్పింది షాడోనే.

యుగంధర్ నవలలో ప్రశ్న 'ఎవరు?' షాడో నవలలో 'ఎలా?' చేతులు కట్టేసి, చుట్టూ తుపాకులు పెట్టినా షాడో చావడని మనకు తెలుసు. చస్తే వచ్చే నవల ఉండదు కదా! అయినా గుండె కొట్టుకుంటుంది. ఎందుకంటే మనం భయపడేది చావు గురించి కాదు, తప్పించుకునే ఉపాయం మనకన్నా ముందు అతనికి తట్టాలి కదా అని.

ఈ మోజు సినిమా, టీవీల్లోనూ కనిపిస్తుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయి'లో చిరంజీవి డిటెక్టివ్‌గా కడుపుబ్బ నవ్వించారు. దూరదర్శన్‌లో 1985లో క్యారెట్ కొరుకుతూ కరంచంద్, 1993లో ధోవతి కట్టుకుని బ్యోమకేశ్ బక్షీ నట్టింట్లోకి వచ్చారు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరు డిటెక్టివ్‌ను చూసి కొత్త తరం కూడా చప్పట్లు కొట్టింది.

చంపితే ఊరుకోరు

సిరీస్ మొదలుపెట్టడం రచయిత ఇష్టం. ఆపడం మాత్రం అతని చేతుల్లో ఉండదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించాడు. కొన్నేళ్లకే విసుగొచ్చి, 1893లో ఒక జలపాతంలో పడేశాడు. పాఠకులు భగ్గుమన్నారు. తిడుతూ ఉత్తరాలు రాశారు. పదేళ్లు మొండికేసిన డాయిల్ చివరికి 1903లో హోమ్స్‌ను బతికించక తప్పలేదు. మొత్తం 4 నవలలు, 56 కథలయ్యాయి. లండన్ బేకర్ స్ట్రీట్‌లో 221బి నంబరుకు, లేని డిటెక్టివ్ పేరిట, నిజమైన ఉత్తరాలు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి.

అగాథా క్రిస్టీ జాగ్రత్తపరురాలు. 1920లో పరిచయం చేసిన హెర్క్యూల్ పాయ్‌రో ఆఖరి కేసును రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రాసి దాచిపెట్టింది. అది 1975లో 'కర్టెన్' పేరుతో వచ్చింది. పాయ్‌రో చనిపోయాడన్న వార్తను న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. కల్పిత పాత్రకు నివాళి! ఇక బెంగాలీలో బ్యోమకేశ్ కథలు 1932 నుంచి రాసిన శరదిందు బందోపాధ్యాయ 1970లో కన్నుమూసేసరికి ఒక కథ సగంలోనే ఆగిపోయింది. ఆ హంతకుడెవరో ఆయన నోట వినే అదృష్టం ఎవరికీ లేకపోయింది.

'ఇగ బుక్కు మూసి పండుకో'

ఇంత మజా ఇచ్చిన పుస్తకానికి ఇంట్లో దక్కిన మర్యాద మాత్రం తక్కువే. 'ఇగ సాలు, బుక్కు మూసి పండుకో' అని అమ్మ కేక. 'గీ డిటెక్టివ్ బుక్కులు సదివితే పాసైతవారా?' అని బాపు గద్దింపు. లెక్కల పుస్తకం మధ్యలో యుగంధర్, దిండు కింద షాడో. పట్టుబడితే నవల పొయ్యిలోకి. పైగా దుకాణంవాడికి పుస్తకం వెల కట్టాలి!

పెద్దల భయంలో కొంత నిజం ఉంది. అన్ని నవలలూ ఒక్క తీరుగా ఉండేవి కావు. అట్ట మీద బొమ్మలు కొన్ని ఇంట్లో పెట్టుకునేలా ఉండేవి కావు. రాత్రంతా మేల్కొని చదివితే పొద్దున బడిలో కునికిపాట్లు. కానీ తూకం వేసేటప్పుడు రెండో తట్ట కూడా చూడాలి. ఒక్క బిగిన రెండు వందల పేజీలు చదవడం పిల్లలకు నేర్పిందెవరు? ఇరవయ్యో పేజీలో విన్న మాటను నూట ఎనభయ్యో పేజీ దాకా గుర్తుపెట్టుకోవడం, చెప్పింది చెప్పినట్టు నమ్మకుండా 'ఇతనికి ఈ సంగతి ఎలా తెలిసింది?' అని అడగడం... ఇవి ఏ సిలబస్‌లో ఉన్నాయి?

జిల్లా గ్రంథాలయానికి నవలల కోసం వెళ్లినవాడి చెయ్యి ఒకరోజు పక్క అరలో సినారె కవిత్వం మీద పడుతుంది. ఇంకోరోజు చలం మీద, శరత్ అనువాదం మీద. డిటెక్టివ్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు. డిటెక్టివే లేకపోతే ఆ గడప తొక్కనివాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు.

అటక మీది ఆస్తి

ఇప్పుడు అసలు మిస్టరీ. ఆ నవలలన్నీ ఏమయ్యాయి?

దొంగలేం ఎత్తుకుపోలేదు. చవక కాగితం, నాలుగు పిన్నులు, పల్చటి అట్ట. పదేళ్లు చేతులు మారేసరికి పుస్తకం పొడైపోతుంది. టీవీ వచ్చాక అద్దె దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పుస్తకాలు తూకానికి పోయాయి. పల్లీల పొట్లాలయ్యాయి. 'గొప్ప సాహిత్యం' కాదు కాబట్టి పదిలంగా దాచాలన్న ఆలోచన చాలామందికి రాలేదు.

పేరున్న రచయితల నవలలకు మళ్లీ ముద్రణలు వచ్చాయి. మధుబాబు పుస్తకాలు ఇప్పటికీ షాపుల్లో కనిపిస్తాయి. కొన్ని పాతవి ఈ-బుక్కులుగానూ వచ్చాయి. మిగతావారి సంగతే దిగులు. సిరీస్‌కు ఇంకో చిక్కుంది. పది పుస్తకాల్లో మూడు పోతే పోయింది మూడే కాదు, వరుసే తెగుతుంది. అసిస్టెంట్ ఎప్పుడు చేరాడు, పాత శత్రువు మళ్లీ ఎందుకొచ్చాడు అన్నది అర్థంకాదు. ఒక తరం ఏం చదివి పెరిగిందో రేపు ఎవరైనా రాయాలనుకుంటే ఆధారాలు ఉండాలి కదా! ఆధారం లేకుండా యుగంధర్ కూడా ఏమీ చేయలేడు.

అందుకే ఈ సెలవుల్లో ఒక్కసారి అటక మీద వెతకండి. ఇనప్పెట్టె అడుగున, పెళ్లి ఆల్బముల కింద, పాత క్యాలెండర్ల మధ్య అట్ట ఊడిన నవల ఒకటి దొరకొచ్చు. తూకానికి వేయకండి. దుమ్ము దులిపి, ఊడిన పేజీలు వరుసలో పెట్టి, కవరులో ఉంచండి. వీలైతే మీ ఊరి గ్రంథాలయాన్ని అడగండి, తీసుకుంటే ఇవ్వండి. అంతకన్నా ముందు ఇంట్లో పిల్లలకు పది పేజీలు చదివి వినిపించి, సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆపేయండి. మిగతాది వాళ్లే చదువుకుంటారు!

.......................

కొత్తగా మొదలుపెడుతున్నారా?

* హోమ్స్: కథలు ఏ వరుసలో చదివినా ఫరవాలేదు. జలపాతం కథ మాత్రం, ఆయన తిరిగొచ్చిన కథకన్నా ముందే చదవాలి. పిల్లలకు నవలలకన్నా చిన్నకథలు మేలు.

* పాయ్‌రో: 'కర్టెన్' ఆఖర్నే చదవాలి. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' గురించి ఎవరినీ ఏమీ అడక్కుండా మొదలుపెట్టండి.

* యుగంధర్: ఏ కేసుకాకేసు విడిగా ఉంటుంది. దొరికినది దొరికినట్టు చదివేయొచ్చు. మద్రాసు వాతావరణం అదనపు లాభం.

* షాడో: అతని మనుషులు పరిచయం కావాలంటే మొదటి నవలలతో మొదలుపెట్టడం మంచిది. దెబ్బలాటలెక్కువ కాబట్టి మరీ చిన్నపిల్లలకు వద్దు.

* అందరికీ: సగం చదివాక పుస్తకం మూసి, హంతకుడెవరనుకుంటున్నారో చీటీ మీద రాసిపెట్టుకోండి. ఇంట్లో నలుగురూ రాస్తే ఆట ఇంకా రంజుగా ఉంటుంది. చీటీ మీదే సుమా, మొదటి పేజీ మీద కాదు!